ఫ్రేముతో కలిపి

పోయిన వారం మనం పిచ్చుకని కాలవ మలుపులో, బోర్డులు ఎత్తుకెళ్ళే బండిలో కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. బండి నడిపే ఆయన ఇంజను ఆపేసి, స్టీరింగు మీద గడ్డం ఆనించి, "మేడం గారూ, మీరు దిగుతారా, నన్ను దిగమంటారా?" అని మళ్ళీ అడిగాడు.

మొన్నటి సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను, తెలిసినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. పిచ్చుక అనేది ముద్దు పేరు. మనిషికి ముప్పై ఏళ్ళు దాటాయి. పురపాలక ఆఫీసులో ప్రచార బోర్డులు తనిఖీ చేసే ఉద్యోగం. ఎన్నికలొచ్చాయంటే ఎవరి మొహం ఎంత పెద్దదిగా ఉండాలో, ఏ స్తంభానికి వేలాడకూడదో, మలుపుకి ఎంత ఎడంగా నిలబడాలో చూసేది ఈవిడే. టేపు లేకుండా గడప దాటదు గనక ఆఫీసులో అందరికీ టేపు మేడం. ఆ టేపుకి ఇప్పుడు సొంత అన్నయ్యే తగిలాడు.

సొంత అన్నయ్య అన్నానా? రక్తం లెక్క చూస్తే కాదు. అన్నయ్య వడ్రంగి. పిచ్చుక వాళ్ళమ్మ ఆయన షెడ్డులో చెక్కలకి పాలిష్ పట్టేది. జ్వరమొచ్చి చనిపోయింది. అప్పటికి పిల్ల రంపం పొట్టు గుట్టలో పడుకుని నిద్రపోయే వయసుది. నా అన్నవాళ్ళెవరూ రాలేదు. అప్పుడప్పుడే పెళ్ళయి, ఇంట్లో రెండంటే రెండు కంచాలున్న వడ్రంగి, వెళ్ళి మూడో కంచం కొనుక్కొచ్చాడు. అంతే. కాగితాలు లేవు, సంతకాలు లేవు. ఆ రోజు నుంచి ఆయన అన్నయ్య, ఆవిడ వదిన.

ఇలాంటి మనిషికి వార్డు సభ్యుడిగా నిలబడాలన్న బుద్ధి ఎందుకు పుట్టిందంటే, కాలవ మీద చెక్క వంతెన వల్ల. ఏటా వానలు వెలిశాక పుచ్చిపోయిన చెక్కలు ఎవరూ అడక్కుండానే తనే మార్చేవాడు. పోయినేడు ఒక చెక్క విరిగి, రిటైరైన టీచరమ్మ కాలు అందులో దిగబడి, తుంటి ఎముక విరిగింది. కొత్త వంతెన కావాలని చెప్పులరిగేలా తిరిగాడు. పాత సభ్యుడు నవ్వి, "నీకంత బాధగా ఉంటే నువ్వే వచ్చి ఈ కుర్చీలో కూర్చో" అన్నాడు. అన్నాయన ఊరికే అన్నాడు. విన్నాయన మాత్రం ఊరికే వినలేదు.

షెడ్డులో ఉన్న మంచి చెక్కంతా బోర్డులైపోయింది. వాటి మీద వదినే నీలం రంగుతో రాసింది: "వంతెన నేను బాగుచేస్తా. మీరు నడవండి." ఆరడుగుల పొడవు, నాలుగడుగుల ఎత్తు మించకూడదని రూలు. అన్నయ్య కనుక్కునే చేశాడు, పలక సరిగ్గా ఆరూ నాలుగూ. కానీ వడ్రంగి కొలత అంటే లోపలి కొలత. కిటికీ మూడడుగులంటే రెక్క మూడడుగులు, చుట్టూ ఉన్న ఫ్రేము ఎవరూ లెక్కవెయ్యరు. ఫ్రేము లేని పలకని నలుగురిలో నిలబెట్టడమంటే ఆయనకి చొక్కా లేకుండా పెళ్ళికి వెళ్ళినట్టు. అందుకని చుట్టూ అరచెయ్యంత వెడల్పున ఫ్రేము బిగించాడు. ఆఫీసు వాళ్ళ కొలతేమో ఫ్రేముతో కలిపి.

పిచ్చుక మొదటి రోజే చూసింది. ఆ షెడ్డులో పెరిగిన కంటికి టేపు అక్కర్లేదు. అన్నయ్య బోర్డు నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి, "ఎలా ఉందే?" అన్నాడు. ఆ మొహంలో అంత వెలుగు ఆమె చాలా ఏళ్ళుగా చూడలేదు. "బాగుంది అన్నయ్యా" అనేసింది. అక్కడ ఇరుక్కుంది. వెంటనే చెప్పి ఉంటే సరిదిద్దుకోవడానికి గడువుండేది. ఫిర్యాదంటూ వచ్చాక గడువుండదు, బోర్డు తీసి ఆఫీసు యార్డులో పడేస్తారు, ఎన్నికలయ్యేదాకా తిరిగివ్వరు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ ఆ వీధి మొహం చూడ్డమే మానేసింది. అంతకుముందే ఇంకో తప్పు కూడా చేసింది. "పోటీ చేసేవాళ్ళలో ఎవరికైనా బంధువులుంటే చెయ్యెత్తండి, వార్డు మారుస్తాం" అని ఆఫీసులో అడిగితే ఎత్తలేదు. కాగితం ప్రకారం ఆమెకి బంధువులెవరూ లేరు మరి. మనసు ప్రకారం తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

ఈ మధ్యాహ్నం పాత సభ్యుడి ఫిర్యాదు వచ్చింది. కాలవ వార్డులో వడ్రంగి బోర్డులన్నీ సైజు మించాయి, చీకటి పడేలోగా తియ్యాలి. "మీరు వెళ్తారా, వేరేవాళ్ళని పంపనా?" అన్నాడు సూపర్‌వైజరు, ఆమె మొహంలోకి అదోలా చూస్తూ. వేరేవాళ్ళంటే ఎవరో ఆమెకి తెలుసు. గునపం పెట్టి పెకలించేరకం. "నేనే వెళ్తాను" అంది.

ఇదీ కథ. ఇక బండి దిగుదాం.

మలుపు పక్కనే షెడ్డు. పిచ్చుక దిగి వెళ్ళగానే అన్నయ్య తలెత్తాడు. చెవి మీద పెన్సిలు, చేతిలో చిత్రిక. ఆమెని చూడగానే మొహం చాటంత అయింది.

"వచ్చావటే పిచ్చుకా! వారమైంది నీ మొహం చూసి. మీ వదిన అలిగి నీ వాటా టీ కూడా తనే తాగేస్తోంది. రా రా, లోపలికి రా." అప్పుడు బండి చూశాడు. "ఓహో, డ్యూటీలో ఉన్నావా! ఎవరి బోర్డు పీకడానికి వచ్చావే? పాత సభ్యుడిదేనా? ఆ మలుపులో ఉన్నది రోడ్డు మీదకి వచ్చేసింది, నేను చూస్తూనే ఉన్నా."

బండాయన దగ్గి, టైరుకి ఏదో అంటుకున్నట్టు వంగి చూడ్డం మొదలుపెట్టాడు.

"నీవే అన్నయ్యా."

"నావేమిటి?"

"బోర్డులు. సైజు మించాయి. ఫిర్యాదొచ్చింది."

అన్నయ్య నవ్వాడు. నిజంగానే నవ్వాడు, హాయిగా. "నాతోనా వేళాకోళం? ముప్పై ఏళ్ళుగా చెక్క కోస్తున్నవాడి కొలత తప్పుతుందా? పట్టు టేపు. పట్టవే, చూద్దాం."

ఆమె టేపు తీసింది. అన్నయ్య అలవాటు చొప్పున రెండో కొస పట్టుకున్నాడు. చిన్నప్పుడు ఆమెకి కొలవడం నేర్పింది అలాగే, కొస ఆయన పట్టుకుంటే టేపు లాక్కుంటూ ఆమె పరిగెత్తేది. గోడకి బిగించిన బోర్డు మీద, పలక అంచున బొటనవేలు నొక్కిపెట్టాడు. అవతలి అంచుకి ఆరడుగులు. వెంట్రుకవాసి తేడా లేదు.

"చూశావా? ఇప్పుడేమంటావు?"

పిచ్చుక తన వైపు టేపుని పలక అంచు దాటించి, ఫ్రేము చివరిదాకా లాగింది. తర్వాత చాలా మెల్లిగా, "నీ కొస కూడా జరుపు అన్నయ్యా" అంది.

ఆయన బొటనవేలు కదల్లేదు. ఆమెని చూశాడు. ఫ్రేముని చూశాడు. మళ్ళీ ఆమెని చూశాడు.

"ఫ్రేము ఎవరన్నా కొలుస్తారటే?"

"మా వాళ్ళు కొలుస్తారు."

ఆ బొటనవేలు పలక మీంచి ఫ్రేము మీదకి, ఫ్రేము మీంచి చివరికి జరగడానికి ఎంతసేపు పట్టిందో పిచ్చుకకే తెలుసు. టేపు మీద అంకె ఇద్దరూ చూశారు. ఇద్దరూ పైకి చదవలేదు.

ఈ సందడికి వదిన బయటికొచ్చింది. చీర కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ, విషయం విని, నిలువునా నిలబడిపోయింది. వదిన సంగతి మీకు కొత్తగా చెప్పేదేముంది, మనసు వెన్న, నోరు కత్తి. ఆవిడ ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధమాడొచ్చు. ఇవాళే తెలిసిందని అనొచ్చు. పిచ్చుకకి ఆ ఆలోచన వచ్చింది, రాలేదని నేననను. కానీ వదిన కళ్ళలోకి చూసి అబద్ధమాడ్డం ఆమెకి చిన్నప్పటినుంచీ చేతకాదు.

"మొదటి రోజే వదినా."

"ఏమన్నావ్?"

"మొదటి రోజే చూశాను."

ఇంకేముంది! "మొదటి రోజే చూసి నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని కూర్చున్నావా? ఇంట్లో మనిషివేనా నువ్వు? చేతులు కాలేదాకా ఊరుకుని ఇప్పుడు ఆకులు పట్టుకొచ్చావా? ఆయన పడుకున్నాడా తిన్నాడా, వేళ్ళన్నీ బొబ్బలెక్కేదాకా ఈ ఫ్రేములు చిత్రిక పట్టాడు. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అని ఉంటే, ఆ పూటకే రంపం పెట్టి కోసి పారేసేవాళ్ళం కదే! ఇప్పుడు వీటిని తీసుకెళ్ళి చెత్తలో పడేస్తే ఈయన పేరు ఎవరికి కనపడుతుంది? ఆ పాత సభ్యుడికి నువ్వే హారతిచ్చి గెలిపించినట్టు కాదూ?"

"ఊరుకోవే" అన్నాడు అన్నయ్య.

"నేనెందుకూరుకుంటాను? ఊరుకుని ఊరుకునే ఇది ఇంతదైంది."

"ఊరుకోమన్నానా!"

వదిన ఊరుకుంది. పిచ్చుక తల దించుకుంది. కన్నీళ్ళు టేపు మీద పడుతున్నాయి. ఆఫీసులో ఎంత పెద్ద నాయకుడు వచ్చి అరిచినా "రూలు రూలేనండీ" అని కొట్టినట్టు చెప్పే టేపు మేడం, రంపం పొట్టులో నిలబడి చిన్నపిల్లలా వెక్కుతోంది.

"నువ్వు ఎలా ఉందని అడిగావు కదా అన్నయ్యా. అంత సంతోషంగా అడిగావు. నేనేం చెప్పను?"

"వంకరగా ఉంటే వంకరని చెప్పాలి. చిన్నప్పుడు కొనేవాళ్ళ ముందే అరిచేదానివి కదా, అన్నయ్యా ఆ కాలు పొట్టి, అన్నయ్యా ఈ సొరుగు మూసుకోవట్లేదు అని. నా పరువు తీసిపారేసేదానివి. అప్పుడు లేని మొహమాటం ఇప్పుడెక్కడినుంచి వచ్చింది?"

"అప్పుడు నీ దగ్గర ఇంకో చెక్క ఉండేది అన్నయ్యా."

అన్నయ్య షెడ్డులోకి వెళ్ళి స్క్రూడ్రైవరు తెచ్చాడు. కోప్పడతాడేమో అనుకుంది, కోప్పడలేదు. తిడితే బాగుండును అనిపించింది ఆమెకి. తిట్టే అన్నయ్యని ఎలా మంచి చేసుకోవాలో ఆమెకి తెలుసు. తిట్టని అన్నయ్యని ఏం చెయ్యాలో తెలియదు.

"మేకులు కొట్టలేదు, స్క్రూలు బిగించాను. మీవాళ్ళు లాగితే పలక పగుల్తుంది. నేను విప్పుతాను, నువ్వు కింద పట్టుకో. పేడు గుచ్చుకుంటుంది, చెయ్యి ఫ్రేము పైన వెయ్యి, అంచున కాదు."

అలా మొదలైంది. షెడ్డు గోడ మీద బోర్డు, తర్వాత వీధి చివర బట్టల కొట్టు మీద బోర్డు, తర్వాత టీచరమ్మ ఇంటి ముందు బోర్డు. అన్నయ్య నిచ్చెన ఎక్కి విప్పడం, పిచ్చుక కింద పట్టుకోవడం, బండాయన అందుకుని బండిలో పేర్చడం. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. తన బోర్డు తనే విప్పుకుంటున్న అభ్యర్థిని ఆ వీధి అంతకుముందు చూసి ఉండదు. బట్టల కొట్టాయన ఆగలేక, "ఏమయ్యా, పోటీ మానేస్తున్నావా?" అని అడిగాడు. "లేదు బాబాయ్, బోర్డులకి కాస్త విశ్రాంతి" అన్నాడు అన్నయ్య. టీచరమ్మ చేతికర్ర పట్టుకుని వచ్చి, ఖాళీ గోడ చూసి, పిచ్చుకని చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్ళిపోయింది. ఆ ఏమీ అనకపోవడం పిచ్చుకకి చురుక్కుమంది.

ప్రతి బోర్డూ దింపాక అన్నయ్య దాని మీద దుమ్ము భుజం మీది తువ్వాలుతో తుడిచాడు. యార్డులో పడెయ్యబోయే దానికి దుమ్ము తుడవడమేమిటని బండాయన నోరు తెరిచాడు గానీ, ఎందుకనో మూసేసుకున్నాడు. ఆఖరి బోర్డు వంతెన పక్కనే ఉంది. అది విప్పుతుంటే అన్నయ్య నిచ్చెన మీంచి అడిగాడు.

"మీ ఆఫీసులో నిన్నేమన్నా అంటారా దీనికి?"

"ఏమీ అనరు."

"నిజం?"

"నిజం."

బండాయన మంచివాడే. మంచివాళ్ళతో వచ్చిన చిక్కేమిటంటే, ఎప్పుడు నోరు మూసుకోవాలో తెలిసి కూడా మూసుకోలేరు. "ఏమీ అనకపోవడమేమిటండీ! సాయంత్రం సంజాయిషీకి పిలిచారు. మేడం ఆ వడ్రంగి ఇంట్లోనే పెరిగిందని ఎవరో ఊదారంట. మనిషి మనవాడని తెలిసి కూడా చెప్పకుండా బోర్డులు వదిలేసిందని తేలితే ఉద్యోగం పోయినట్టే. టీ కొట్టు దగ్గర అందరూ అనుకుంటున్నారు." అప్పుడు పిచ్చుక చూసిన చూపుకి నాలుక కరుచుకుని, "నాకేం తెలీదమ్మా, నాకివాళ పొద్దున్నుంచీ చెవుడు. మీరు ఈయన్ని ఏమని పిలుస్తున్నారో కూడా నాకు వినపళ్ళేదు" అన్నాడు.

అన్నయ్య నిచ్చెన దిగాడు. స్క్రూలన్నీ ఆమె గుప్పిట్లో పోసి, "పారెయ్యకు, మళ్ళీ పనికొస్తాయి" అన్నాడు. అంతే. బయల్దేరేముందు ప్రతిసారీ నెత్తిమీద చెయ్యి వేసి, జుట్టు చెరిపి, "జాగ్రత్త" అనడం ఆయనకి అలవాటు. ఇవాళ చెయ్యి వెయ్యలేదు. నిచ్చెన భుజాన వేసుకుని వంతెన మీదుగా వెళ్ళిపోయాడు.

బండి తిరుగుదారి పట్టాక పిచ్చుక ఏడవలేదు. ఏడుపు కన్నా కింద ఎక్కడో ఉంది మనిషి. అన్నయ్య మనసు విరిగిందని ఆమెకి అర్థమైపోయింది. విరగదూ మరి! తనకి అన్నం పెట్టిన చెయ్యి ఎన్నాళ్ళకో నిలబెట్టుకున్న ఒక్క ఆశనీ తనే మొహమాటంతో కూల్చేసింది. ఎవరో వచ్చి కూల్చినా ఇంత బాధ ఉండేది కాదు. ఇక మిగిలింది ఒకటే అనుకుంది. వెళ్ళి సూపర్‌వైజరుతో ఉన్నదున్నట్టు చెప్పెయ్యాలి. ఉద్యోగం పోతే పోనీ. అన్నయ్యకి చెప్పాల్సిన రోజు చెప్పని నిజం కనీసం ఈయనకైనా చెప్పాలి.

దారిలో మిగతా వార్డుల్లోనూ ఆగి బండి ఆఫీసు యార్డు చేరేసరికి పొద్దు వాలింది. బోర్డులు దింపుతున్నారు. మిగతా పార్టీల ఫ్లెక్సీలు చిరిగి, మడతలు పడి, గుట్టగా ఉన్నాయి. బండాయన అన్నయ్య బోర్డుల్ని ఆ గుట్టలో వెయ్యకుండా, గోడ వారగా ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టాడు, ఎవరూ చెప్పకుండానే. అప్పుడు వదిన ఫోను చేసింది.

"ఇందాక నేనన్నవన్నీ మనసులో పెట్టుకున్నావా?"

"లేదు వదినా. నువ్వన్నది నిజమే కదా."

"నిజమో అబద్ధమో, కోపంలో నేను వంద అంటాను. నా నోటికి ఓ తాళం ఉంటే నీ పెళ్ళి కూడా ఎప్పుడో చేసేదాన్ని. ఏమన్నా తిన్నావా?"

"తింటాను."

"తింటాను అంటే తినలేదని. సరేగానీ, మీ అన్నయ్య అక్కడికి వచ్చాడా?"

"ఇక్కడికా? రాలేదే."

"ఇంటికొచ్చి మాట్లాడలేదు. స్నానం చేశాడు. పెళ్ళిళ్ళకి వేసుకునే చొక్కా తీయమన్నాడు. ఎక్కడికండీ అంటే, పనుంది అన్నాడు. ఆ మొహం నాకు నచ్చలేదు పిల్లా. నాకు భయంగా ఉంది."

పిచ్చుక ఫోను పెట్టేసి మెట్లెక్కింది. సూపర్‌వైజరు గది పై అంతస్తులో, వరండా చివర. తలుపు ఓరగా ఉంది. తడదామని చెయ్యెత్తింది. లోపల్నుంచి అన్నయ్య గొంతు వినపడింది.

"తప్పు నాదేనండీ. రూలు సరిగా కనుక్కోకుండా ఫ్రేము బిగించాను. మీవాళ్ళు రాగానే నేనే విప్పి ఇచ్చాను. ఇందులో మీ ఆఫీసువాళ్ళ తప్పేమీ లేదు. అది చెప్పిపోదామనే వచ్చాను."

"అంతవరకూ బాగానే ఉంది" అన్నాడు సూపర్‌వైజరు. "కానీ మా తనిఖీ మేడం మీ ఇంట్లోనే పెరిగిందంటున్నారు. ఆవిడ మీకేమవుతుంది?"

"ఏమీ కాదండీ."

పిచ్చుక చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఏమీ కాదా?"

"ఏమీ కాదు. వాళ్ళమ్మ మా షెడ్డులో పనిచేసేది. ఆవిడ పోయాక కొన్నాళ్ళు మా పంచన ఉంది. దారిన పోయేవాళ్ళు వానకి నిలబడరూ, అలాగ. తర్వాత ఎవరి దారి వాళ్ళది. ఇప్పుడు ఎదురుపడితే పలకరించుకుంటామో లేదో కూడా నాకు సరిగా తెలీదు."

అన్నయ్యకి అబద్ధమాడ్డం రాదు. చెక్కకి చెదలుంటే కొనేవాడికి తనే చూపించి బేరం పోగొట్టుకునే మనిషి. అలాంటివాడు ఇంత అబద్ధం, తడబడకుండా, దారిలో నడుస్తూ నడుస్తూ కూడబలుక్కుని వచ్చాడు. జ్వరమొస్తే తెల్లవార్లూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నవాడు, పరీక్షలప్పుడు పని మానుకుని బడి గేటు బయట ఎండలో నిలబడ్డవాడు, ఉద్యోగం వచ్చిందని తెలిసి షెడ్డులో ఎవరూ చూడకుండా ఏడ్చినవాడు, ఏమీ కాదంటున్నాడు. ఎందుకంటున్నాడో ఆమెకి ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. ఇందాక నెత్తిమీద చెయ్యి ఎందుకు వెయ్యలేదో కూడా అప్పుడే అర్థమైంది. వేస్తే మళ్ళీ ఈ మాట అనలేనని భయపడ్డాడు. అర్థమయ్యాక వరండాలో నిలబడ్డం ఆమె వల్ల కాలేదు. తలుపు తోసింది.

అన్నయ్య కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు, పెళ్ళిళ్ళ చొక్కాలో, గుండీలన్నీ పెట్టుకుని. ఆమెని చూసి తుళ్ళిపడ్డాడు. మరుక్షణం లేచి నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారం మేడం గారూ. బోర్డులన్నీ చేరాయాండీ? మీకు శ్రమ ఇచ్చాను."

మీకు! ఒళ్ళో పెంచిన మనిషి నోటి వెంట ఆ మీరూ, ఆ అండీ! ఆయన కళ్ళు మాత్రం ఆమెని బతిమాలుతున్నాయి. ఒప్పుకోవే. నేను అంతా సరిచేశాను, నువ్వు ఊరికే ఒప్పుకో, చాలు.

ఆమె దగ్గరికి వెళ్ళింది. జోడించిన ఆ రెండు చేతుల్నీ విడదీసి, ఒకటి తన నెత్తిమీద పెట్టుకుంది.

"మా అన్నయ్య సర్" అంది. "పోటీలో బంధువులున్నారా అని మీరడిగిన రోజు చెయ్యెత్తనిది నేను. మొదటి రోజే ఆ బోర్డులు చూసి ఊరుకున్నది నేను. ఈయన అడగలేదు, ఈయనకి తెలియదు. నన్నేం చేసినా సరే."

"ఆవిడకి ఒంట్లో బాలేదండీ, పొరబడుతున్నారు" అన్నాడు అన్నయ్య.

"నువ్వూరుకో అన్నయ్యా. నీకు రాదు, వదిలెయ్."

"చూశారా?" అని ఇంకో గొంతు. తలుపు వెనక సోఫాలోంచి పాత సభ్యుడు లేచాడు. ఆమె తలుపు తోసినప్పుడు ఆ మూల ఆమెకి కనపడలేదు. "నేను చెబితే ఆధారమేదన్నారు. అమ్మాయే చెప్తోంది. ఇంకేం కావాలి మీకు? మన రూలు పుస్తకం ఏమంటుందో మీరే చదవండి."

సూపర్‌వైజరు చెడ్డవాడు కాదు. కళ్ళజోడు తీసి, కళ్ళు నలుపుకుని, ఆమెనే చూస్తూ మాట్లాడాడు.

"అమ్మా, మీ ఉద్యోగం సంగతి తర్వాత. ఆఫీసులో సొంత బంధువు వల్ల మేలు పొందిన అభ్యర్థిని పోటీలోంచి తీసెయ్యాలి. అది నా చేతుల్లో లేదు. మీరిప్పుడు అన్నమాట నేను రాసుకుంటే మీ ఒక్కరికే కాదు, ఆయన పోటీ కూడా ఇక్కడితో సరి. ఇంకా రాయలేదు. కాగితాల్లో మీ ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు. అందుకని చివరిసారి అడుగుతున్నాను, బాగా ఆలోచించి చెప్పండి. ఈయన మీకేమవుతారు?"

పాత సభ్యుడు జేబులోంచి ఫోను తీసి, రికార్డు నొక్కి, ఆమె మొహానికి ఎదురుగా పెట్టాడు.

పిచ్చుక తన ఉద్యోగమైతే ఎప్పుడో వదిలేసుకుని వచ్చింది. ఇది వేరు. అవునంటే వంతెన పోతుంది. కాదంటే... కాదని ఎలా అంటుంది? అన్నయ్య వైపు తిరిగింది.

ఆయన ఆమెని చూస్తున్నాడు. ఆ మొహంలో ఇందాకటి బతిమాలడం లేదు. నెత్తిమీద చెయ్యి తియ్యలేదు, పైగా జుట్టు కాస్త చెరిపాడు.

"చెప్పవే పిచ్చుకా" అన్నాడు. "నాకూ వినాలని ఉంది."